మేడం బదులు తిన్న భోజనం

ఆ రోజుల్లో నా ఉద్యోగం ఏమిటో నాకే సరిగ్గా తెలియదు. హైదరాబాదులో ఒక పెట్టుబడుల కంపెనీలో చీఫ్ ఆఫ్ స్టాఫ్. ఆ పేరు వినగానే కల్లూరులో మా అమ్మ, నా కింద వంద మంది పనిచేస్తున్నారని చుట్టాలందరికీ చెప్పుకుంది (నా కింద ఉన్నది కుర్చీ ఒక్కటే). మా మేడం వెళ్లలేని మీటింగులకు వెళ్లడం, ఆవిడకు చదివే తీరిక లేని కాగితాలు చదివి పెట్టడం నా పని. రెండేళ్లు అలా చేస్తే, ఏ కంపెనీలో డబ్బు పెట్టాలో తేల్చే టీములోకి తీసుకుంటారని ఆశ. నా రెండేళ్లు ఆ నెలతో అయిపోతున్నాయి. "ఏన్కూరు పని చక్కబెట్టు, ఆ సీటు నీదే" అంది మేడం.

ఏన్కూరు దగ్గర ఒక కారం మిల్లులో మేము పెట్టుబడి పెట్టాలంటే, ముందు చుట్టుపక్కల రైతులు తమ మిర్చి దానికే ఇస్తామని మాటివ్వాలి. ముగ్గురు పెద్దరైతుల ఇళ్లకు తలా అరగంట చొప్పున టైంటేబుల్ వేశాను. అడుగున "ఎవరేం పెట్టినా కాదనకూడదు, నొచ్చుకుంటారు" అని ఎర్ర అక్షరాలతో రాశాను. నా తెలివి తెల్లారింది అక్కడే. మేడం ఆ కాగితాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. మొదటి ఇంట్లో పూరీలు, రెండో ఇంట్లో పులిహోర, బూరెలు. మూడోది మిర్చి తాత ఇల్లు (ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది, మిగతా రైతులు ఆయన మాట మీదే నడిచేవారు). గడపలోనే నాటుకోడి కూర, గారెల వాసన ఎదురొచ్చింది. మేడం నా చెవిలో "ఇక నా వల్ల కాదు" అని, విస్తరి ముందు కూర్చోకుండా నిలబడిపోయింది. తాత ముఖం చిన్నబోయింది. నా సీటు కళ్లముందే జారిపోతోంది.

"ఆమె బదులు నేను తింట తాతా, నా కొలువే గది" అనేశాను.

"ఏంది బిడ్డా, ఆమె బదులు నువ్వు తినుడా?"

"అవ్ తాతా. ఆమెతోని కాని పని ఏదైనా నేనే చెయ్యాలె."

తాత పడీపడీ నవ్వి, గిన్నె పట్టుకొని నిలబడ్డ అవ్వను చూపించాడు. "మా ముసల్ది గదే కొలువు చేస్తుంది, యాభై ఏండ్ల సంది."

"మరి నా జీతమేది?" అంది అవ్వ. అందరం నవ్వాం.

కానీ ఆ ముందు రెండిళ్లలో నేనూ తిన్నాను కదా! మూడో గారెకే కళ్లు తేలేశాను. అది తాత చూడలేదు, అవ్వ చూసింది. తాతకు వీపు అడ్డం పెట్టి, మాంసం వదిలి బొక్కలే ఏరి, నా విస్తరి నిండుగా కనబడేటట్టు వడ్డించింది. "నిమ్మళంగా తిను బిడ్డా, నేను చూస్కుంట" అంది మెల్లగా. చివరికి విస్తరిలో మిగిలిన బొక్కల కుప్ప చూసి తాత మురిసిపోయాడు. "గింత మంచిగ తిన్నోళ్లకు మిర్చి ఇయ్యమా? ఇస్తం పో" అన్నాడు.

సీటు వచ్చింది. ఇప్పుడు నాకూ ఒక చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఉంది. ఈ ఉద్యోగానికి ఏం కావాలని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలేవో చెబుతాను గానీ, నా మనసులో మెదిలేది ఆ అవ్వే. ఆ సీటు కాగితం మీద మేడం ఇచ్చింది. ఇప్పించింది మాత్రం అవ్వే. తలుచుకున్నప్పుడల్లా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అంత చేసిన మనిషి నోరు తెరిచి అడిగింది ఒక్కటే మాట. ఎవరి కష్టానికి ఎంత విలువో లెక్కగట్టే కంపెనీ వాళ్లం ఇద్దరం ఎదురుగానే ఉండి, నవ్వి ఊరుకున్నాం.