ఓడ నవల రెండో సగం

నేను ఒక కుటుంబాన్ని దేశం దాటించాను. బెదిరించలేదు, తిట్టలేదు, ఇంటిమీద రాయి వేయలేదు. ఒక నవల ఇచ్చానంతే. అదైనా వాళ్లు వెళ్లిపోకుండా ఉండాలని ఇచ్చాను. ఇంత ఘనకార్యం ఇంకెవరైనా చేసి ఉంటే చెప్పండి, వచ్చి దండం పెట్టుకుంటాను.

అప్పటికి నాకు మీసాలు వస్తున్నాయి, తెలివి ఇంకా బయలుదేరలేదు. సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట్ మెట్లబావికి దగ్గర్లో, ఒక కిరాణా కొట్టు మీది గదిలో మా తెలుగు గ్రంథాలయం ఉండేది. కింద ఎండుమిరపకాయల బస్తాలు, పైన మా పుస్తకాలు. మా పాఠకులు తుమ్మకుండా ఒక అధ్యాయం పూర్తిచేసిన పాపాన పోలేదు. ఆ గదికి నేనే గ్రంథపాలకుణ్ణి. బీరువా తాళం చెవి మొలతాడుకి కట్టుకుని, గోల్కొండ ఖజానా నా నడుముకే వేలాడుతున్నట్టు తిరిగేవాణ్ణి.

బీరువాలో మంచి పుస్తకాలకు కొదవలేదు. వాటిమీద దుమ్ముకీ కొదవలేదు. జనానికి కావలసినవి అపరాధ పరిశోధన నవలలు, దయ్యాల నవలలు. అవి మద్రాసు నుంచీ బెజవాడ నుంచీ ఒక్కొక్క ప్రతి చొప్పున వచ్చేవి. అడిగేవాళ్లు మెట్లమీద బారు తీరేవాళ్లు. అందుకని మాకొక పద్ధతి ఉండేది. లావు నవల రాగానే దాన్ని నడిమికి కోసి, రెండు సగాలుగా అట్టలు వేయించేవాళ్లం. మొదటి సగం చదివి తెచ్చిచ్చినవాళ్లకు రెండో సగం ఇచ్చేవాళ్లం. అలా ఒకే నవలను ఒకేసారి రెండిళ్లలో చదువుకునేవారు.

పద్ధతి మంచిదే. దానివల్ల చెడిపోయింది నేనొక్కణ్ణే. రెండో సగాలు గదిలో నిలిచేవి కావు, మెట్లమీదే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయేవి. నాకు చిక్కేవి మొదటి సగాలు. అంచేత తెలుగులో జరిగిన హత్యలన్నీ నాకు తెలుసు, హంతకుడొక్కడూ తెలియదు.

అంతమాత్రాన సలహాలు మానేశాననుకున్నారా? మనిషి మెట్లెక్కే తీరు చూసి అతనికి ఏ నవల కావాలో చెప్పేవాణ్ణి. "మరి ఆఖరు ఎట్లుంటది?" అని ఎవరైనా అడిగితే కళ్లు సగం మూసి, "ఆఖరు చెప్తే మజా పోతది" అనేవాణ్ణి. బేగంపేట నుంచి వచ్చే రిటైర్డ్ పోస్టుమాస్టరు గారికి మాత్రం నామీద అనుమానం ఉండేది. "అసలు నీకు ఎరికేనా?" అనేవారు. ఎరిక లేనివాడికి ఉండే ధీమా మీకు తెలియనిదా? నవ్వి ఊరుకునేవాణ్ణి.

మా పాఠకులందరిలో నాకు ఇష్టమైన మనిషి ఖైరున్నిసా అక్క. మా గల్లీలోనే ఇల్లు. భర్త మహబూబ్ భాయ్ దర్జీ, నిజాం ఫౌజులో అధికారులకు యూనిఫారాలు కుట్టేవాడు. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగే. అక్క నల్లగొండ వైపు ఊళ్లో తెలుగు బడికి పోయింది, భాయ్‌కి అక్షరాలు రావు. అందుకని రోజూ సాయంత్రం ఆయన మిషను తొక్కుతుంటే ఆమె పక్కన కూర్చుని నవల పైకి చదివేది. భయం వచ్చినచోట మిషను ఆగిపోయేది. కథ ఎక్కడిదాకా వచ్చిందో గల్లీలో వాళ్లందరికీ ఆ చప్పుడును బట్టి తెలిసిపోయేది. ఒకసారి అద్దంలోంచి దయ్యం బయటికొచ్చిన సమయంలో ఆయన మిషను ఆపడం మరచిపోయాడు. ఒక కర్నల్ గారి ప్యాంటు రెండు కాళ్లూ కలిసి ఒకటైపోయాయి.

నవ్వుకోండి గాని, ఆ ఇంటికి మేం రుణపడి ఉన్నాం. రజాకార్ల రోజుల్లో తెలుగు పుస్తకాల గది అంటే అనుమానంగా చూసేవారు. ఒక మధ్యాహ్నం సోదాకి వస్తున్నారని కబురొస్తే, నేను గదిలో నిలబడి వణుకుతున్నాను. ఆ పని నాకు బాగా వచ్చు. భాయ్ పైకి వచ్చి మా పుస్తకాలన్నీ ఖాకీ తానుల్లో చుట్టి తన దుకాణానికి మోసుకుపోయాడు. అడిగినవాళ్లకు ఫౌజు బట్ట అని చెప్పాడు. ఆ నెలల్లో అక్క మా గ్రంథాలయం మొత్తం చదివేసింది, రెండో సగాలతో సహా.

తర్వాత పోలీసు చర్య వచ్చింది, చూస్తుండగానే అయిపోయింది. పుస్తకాలు మళ్లీ మా బీరువాకెక్కాయి, మేం మిఠాయిలు పంచుకున్నాం. మా గల్లీలో భయం ఇల్లు మారింది. మొన్నటిదాకా మా ఇంట్లో ఉన్నది ఇప్పుడు వాళ్లింట్లో చేరింది. ఫౌజు లేదు కాబట్టి యూనిఫారాలు లేవు. అక్క పుట్టింటి వైపు నుంచి వచ్చే కబుర్లు మంచివి కావు. కరాచీలో ఉన్న భాయ్ అన్న, వచ్చేయమని మనిషి మీద మనిషిని పంపుతున్నాడు.

ఈ సంగతి తెలిసి వాళ్లింటికి వెళ్లాను.

"ఏం చేస్తరు భాయ్?" అని అడిగాను.

"నాదేముంది తమ్మి. మీ అక్క పోదామంటే పోతం, ఉందామంటే ఉంటం. ఏడికి పోయినా నాకు మిషనే గద" అన్నాడు భాయ్.

అక్క బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అంది. "ఈడ ఉందామంటే దిల్ల దడ. పోదామంటే బొంబాయిల జహాజు ఎక్కాలె, దర్యా దాటాలె. నీళ్లంటే నాకు చిన్నప్పటిసంది భయం తమ్మి. మన బావి మెట్లు సుత నాలుగు దిగ నేను."

"పోకుండ్రి అక్కా. ఎవరేమంటరు మిమ్మల్ని? మేం లేమా?"

"ఉన్నరు తమ్మి. గని మీరు పైన పుస్తకాల కాడ ఉంటరు. మేం కింద గల్లీల ఉంటం."

ఆ మాటకు మనిషిలా జవాబు చెప్పాల్సింది. మా నాన్ననూ నలుగురు పెద్దలనూ వెంటబెట్టుకుని వెళ్లి, ఆ గడపలో కూర్చుని, మీకేమైనా అయితే ముందు మాకు కావాలి అని చెప్పించాల్సింది. వాళ్లు ఎదురుచూసింది అదేనని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు నేను గ్రంథపాలకుణ్ణి కదా, వెళ్లి బీరువా తెరిచాను.

బీరువాలో ఆమధ్యే కొత్తగా వచ్చిన ఒక ఓడ నవల ఉంది. అంటే, మొదటి సగం ఉంది. ఒక అనాథ పిల్ల ఊరొదిలి ఓడ ఎక్కుతుంది. రోజుకొకరు చొప్పున ప్రయాణికులు మాయమవుతుంటారు. తాళం వేసిన గదిలోంచి ఏడుపు వినిపిస్తుంది. నీళ్లలోంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. పిల్ల హడలిపోయి, మొదటి రేవులోనే దిగి, ఇంటిదారి పడుతుంది. అక్కడికి సగం అయిపోయింది. చదివిన నాకే నాలుగు రోజులు స్నానం చేయబుద్ధి కాలేదు. నీళ్లంటే దడ ఉన్న మనిషి ఇది చదివి జహాజు ఎక్కుతుందా? నా తెలివికి నేనే మురిసిపోయాను.

"గిది చదువు అక్కా. గిట్లాంటిది నువ్వు చదివి ఉండవు" అని చేతిలో పెట్టాను.

ఆ సాయంత్రం మిషను ఆగడం మొదలుపెట్టింది. మర్నాడు తొక్కినదానికంటే ఆగిందే ఎక్కువ. ఆ తర్వాత భాయ్ మా మెట్లెక్కి వచ్చాడు.

"ఏం కితాబు ఇచ్చినవ్ తమ్మి? బిందెల నీళ్లు చూసినా ఉలికిపడుతాంది. జహాజు మాట ఎత్తితే చెవులు మూసుకుంటాంది. పోవుడు లేదంట, ఈడనే ఉంటదంట" అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టే ఉంది గాని ముఖంలో సంతోషం దాగలేదు. వెళ్లడం ఆయనకూ ఇష్టం లేదని నాకు అప్పుడే తెలిసింది. "దుకాణానికి తలుపు మార్పిస్తా. ఫౌజు కాకపోతే పెండ్లి షేర్వానీలు కుడతా" అని, కింద కొట్టు పక్కన నాకు మిర్చి బజ్జీలు కూడా తినిపించాడు. బోయిన్‌పల్లి తోటల నుంచి దిగిన మిరపకాయలు, నోరు మండిపోయింది. నా జీవితంలో అంత గర్వంగా ఇంకేదీ తినలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఇది నా గొప్పలు చెప్పుకునే వ్యాసం అయ్యేది. ఆగుతానా?

అక్క మొదటి సగం తిరిగి తెచ్చింది. "రెండోది ఏది తమ్మి?" అంది.

పోయిందని చెప్పొచ్చు. ఎలుకలు కొట్టాయని చెప్పొచ్చు. ఎన్ని అబద్ధాలు ఆడిన నోరు అది, కావలసినప్పుడు ఒక్కటీ రాలేదు. నా పథకం పారిన ఉత్సాహంలో సైకిలెక్కి బేగంపేట వెళ్లాను. రెండో సగం పోస్టుమాస్టరు గారి దగ్గర ఉంది. ఆయన వసారాలో కుర్చీలో వెనక్కి వాలి, ఆఖరి పేజీలలో ఉన్నారు.

"ఇంక జెరంతనే ఉన్నది, ఆగు" అన్నారు.

"తర్వాత చదువుకోండ్రి సార్. ఒక ఇంటి సంగతి ఇది, అర్జంటు."

"ఎవరికిస్తున్నవ్?"

"మా గల్లీల అక్కకు. మహబూబ్ భాయ్ ఇంట్ల."

ఆయన కళ్లజోడు తీశారు. "వాళ్లు పోదామా ఉందామా అని పరేషాన్ల ఉన్నరంటివి గద. గిది వాళ్లకు ఇయ్యకు. గిందుల ఏమైతదంటే..."

నేను రెండు చెవులూ మూసుకున్నాను. "ఆఖరు చెప్పకుండ్రి సార్, మజా పోతది."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. పుస్తకం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు. ఎదురుగా బంగారంలాంటి మనిషి నిలబడి నా నెత్తిన పడబోయే బండను చూపిస్తుంటే, నేను చెవులు మూసుకున్నాను. ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పుస్తకం అక్కకిచ్చాను. ఉత్తినే ఇస్తే నేనెలా అవుతాను? సలహా కూడా జోడించాను. "రెండో సగం ఇంక మంచిగుంటది అక్కా. ఆ పిల్ల ఆఖరుకు ఏం చేస్తదో, నువ్వు సుత గదే చెయ్యి."

ఆ సాయంత్రం మిషను ఆగిపోయింది. మళ్లీ మోగలేదు. నేను దాన్ని నా ఘనతగానే లెక్కేసుకున్నాను. కొన్నాళ్లకు వాళ్లింటి ముందునుంచి పోతూ చూస్తే, భాయ్ మిషనును గోనెసంచిలో చుట్టి తాడు బిగిస్తున్నాడు. కొత్త తలుపు గోడకు ఆనించి ఉంది, బిగించలేదు.

"ఏంది భాయ్ ఇది?"

"పోతున్నం తమ్మి" అన్నాడు తలెత్తకుండా. నేను లోపలికి పరిగెత్తి అక్కతో పోవద్దన్నాను. మేం లేమా అన్నాను. ఆమె నా తల నిమిరి, "నువ్వు మంచోనివి" అంది. కరాచీ అన్న మళ్లీ మనిషిని పంపి ఉంటాడనుకుని, ఆ మహానుభావుణ్ణి ఇంటికొచ్చేదాకా తిట్టుకున్నాను.

సికింద్రాబాద్ స్టేషనుకు సాగనంపడానికి వెళ్లాను. బొంబాయి బండి జనంతో నిండిపోయి ఉంది. అక్క కిటికీ దగ్గర కూర్చుని, సంచిలోంచి ఓడ నవల రెండో సగం తీసి నాకిచ్చింది.

"నువ్వు చెప్పినట్టే చేసిన తమ్మి" అంది.

"నేనేం చెప్పిన అక్కా?"

"ఆ పిల్ల ఏం చేస్తే గదే చెయ్యమంటివి గద. ఇంటికి వచ్చినంక ఊళ్లె సుత మనుషులు మాయమైతరు. దయ్యం లేదు, గియ్యం లేదు. పక్కింటాయన చేస్తడు అంత. జహాజుల సుత వాడే ఉండె. రోజు వచ్చి 'పోవద్దమ్మా, మేం లేమా' అంటనే ఉంటడు. వాని మాట నమ్మి ఊళ్లె ఆగినోళ్లు ఒక్కలు మిగలరు. ఆ పిల్ల దిల్ గట్టి చేసుకొని మల్ల గదే జహాజు ఎక్కుతది, బతుకుతది."

నా నోట రావలసిన మాటలన్నీ ఆ పక్కింటివాడే ముందుగా అనేశాడు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆ పక్కింటాయన నువ్వని అనుకోలేదు, పరేషాన్ గాకు. మీ భాయ్ ఏమన్నడంటే, తమ్మికి ఏదో ఖబరు ఎరికైంది, మొఖం మీద పొమ్మనలేక కితాబుల పెట్టి చెప్తుండు అన్నడు. నోటితోని పోవద్దంటవ్, దిల్లది గిందుల చెప్పినవ్. ఎంత ఇజ్జత్‌తోని చెప్పినవ్ తమ్మి."

గార్డు విజిల్ వేశాడు.

"అక్కా, నేను రెండో సగం చదవలే."

"ఏందీ?"

"చదవలే అక్కా. దీనిదే కాదు, ఏ నవలదీ చదవలే. మీరు పోవద్దనే ఇచ్చిన. దిగుండ్రి."

ఆమె భాయ్ వైపు చూసింది. భాయ్ పైన కట్టిన సామాను వైపు చూశాడు. ఇల్లు ఇంకొకరికి అప్పగించేశారు. దిగితే వెళ్లడానికి గడప లేదు.

"చదవకుండనే ఇచ్చినవా తమ్మి?" అంది అక్క. ముందు ఆమెకు నవ్వే వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. బండి కదిలాక కూడా ఆ భుజాలు కదులుతూనే ఉన్నాయి, కాని అది నవ్వు కాదని నాకు కనిపించింది.

ఏ నవలా చదవకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు, నీవల్లే పోయారనుకోవడం నీ గొప్ప అని మా నాన్న అన్నాడు. నేనూ అదే నమ్ముదామని చూస్తాను. కొత్త తలుపు గుర్తొస్తుంది, నమ్మలేను.

ఆ రోజే బీరువా ముందు నిలబడి, కింది కొట్టు మిరపఘాటుకు మూడుసార్లు తుమ్మి, భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఆఖరి పేజీ స్వయంగా చదవని పుస్తకాన్ని ఈ జన్మలో ఎవరికీ చదవమని చెప్పను. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ గదిలోనే పనిచేశాను. హంతకులందరినీ వరసగా పరిచయం చేసుకున్నాను. ప్రతిజ్ఞ తప్పలేదు. ఓడ నవలను మాత్రం ఎందరు అడిగినా ఇవ్వలేదు. ఇవ్వడానికి వీల్లేదు, దాని రెండో సగం నేనింకా చదవలేదు.