కూర్మయ్య విప్పిన మోకు

కూర్మయ్య కొయ్య మేకు మొనను మోకు పురుల సందులో ఆనించి, అరచేత్తో మెల్లగా నెట్టాడు. బిగుసుకుపోయిన పురులు కిర్రుమంటూ కాస్త ఎడమయ్యాయి. మేకును అక్కడే ఉంచి ఎడమచేతి బొటనవేలు సందులోకి దూర్చాడు. ఆ వేలికి గోరు లేదు. ముప్పై ఏళ్ళ కిందట ఇనుప తీగల మోకు ఒకటి దాన్ని ఊడబెరుక్కుపోయింది. గోరు లేని వేలు దేన్నీ గీకదని, ఈ పనికి అదే మేలని అతను చెబుతుంటాడు.

రేవు పక్కన అతని షెడ్డులో, బల్ల మీద రెండు ముక్కలున్నాయి. ఒకటి, ఓడను కట్టేటప్పుడు గట్టు మీది ఇనుప గూటానికి తగిలించే పెద్ద ఉచ్చు. రెండోది, ఆ ఉచ్చులోంచి ఊడి ఓడ వైపు ఎగిరిన మోకు కొస, రెండు బారల పొడవు, మణికట్టంత లావు. దాని మీద మూరెడు మేర గోధుమరంగు మరక ఉంది. ఎవరూ కడగలేదు. కడగకూడదని ఆ ముక్కలు వచ్చిన సంచి మీద రాసి ఉంది.

ఏడు వారాల కిందట ఆ మోకు ఓడ ముందు డెక్కు మీద నిలబడ్డ కళాసీ రామన్‌ని ఛాతీ మీద కొట్టింది. ఆస్పత్రికి తీసుకుపోవలసిన అవసరం కూడా లేకపోయింది.

రామన్ భార్య పుష్పవల్లి గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. రమ్మని ఎవరూ పిలవలేదు. పొద్దున్నే క్లాంగ్ నుంచి బస్సులో వచ్చింది. కాఫీ ఇస్తే చేత్తో పట్టుకుంది గాని తాగలేదు.

"అంకుల్, స్లోగా విప్పండి లా. ప్రతి స్టెప్పుకీ ఫొటో కావాలి" అన్నాడు రేమండ్, ఆ దేశపు అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ.

రేమండ్ బీమావాళ్ళు పంపిన సర్వేయరు. సైబర్‌జయలో ఆఫీసు. తాతముత్తాతలు తెలుగునేల నుంచి మలాయ్ దేశానికి, సుంగై సుమున్ ఎస్టేటులో కూలికి వచ్చినవాళ్ళు. ఇంట్లో విన్న తెలుగు అర్థమవుతుంది, మాట్లాడబోతే ఇంగ్లీషు అడ్డొస్తుంది. అతని చేతిసంచిలో ఓడవాళ్ళు రాసిచ్చిన కాగితం ఉంది. మోకును బిగించే యంత్రం దగ్గర ఉన్నది రామనేనని, అతను దాన్ని హద్దు మీరి బిగించాడని, మోకు అందుకే పోయిందని ఆ కాగితం చెబుతోంది. పుష్పవల్లికీ ఒక నకలు పంపారు. ఆమె వచ్చింది దానికోసమే. మోకు ఏమంటుందో తన చెవితో వినాలని.

మోకు ఎందుకు పోయిందో తేల్చి చెప్పవలసినవాడు కూర్మయ్యే. చేత్తో మోకు అల్లేవాళ్ళు ఆ రేవులో ఇద్దరే మిగిలారు, రెండో ఆయన పక్షవాతంతో మంచాన ఉన్నాడు. ఆ ఓడకు మీరెప్పుడైనా పని చేశారా అని రేమండ్ అడగలేదు. కూర్మయ్య చెప్పలేదు. చేశాడు. నిరుడు ఆ ఓడ మోకుల్లో మూడింటికి ఉచ్చులు అల్లాడు, అంటే ఉచ్చు కొసనున్న మూడు పురులనూ మోకు పురుల కిందికి వరుస తరవాత వరుసగా దూర్చి కలిపాడు. అక్కడ మొత్తం పది మోకులున్నాయి, తక్కినవి ఎవరెవరో అల్లినవి. ఇది ఆ ఏడింటిలో ఒకటి కావాలని, వారం రోజులుగా, దేవుడి పటం ముందు నిలబడినప్పుడల్లా కోరుకుంటున్నాడు.

"ఉచ్చు పక్క సూడు బాబూ" అన్నాడు రేమండ్‌తో. "ఈ రెండు పురుల కొసలు సూడు. తెగినాయా?"

రేమండ్ వంగి చూశాడు. "లేదు. నైస్‌గా ఉన్నాయి."

"బిగిస్తే తెగతాయి. తెగినకాడ ప్లాస్టిక్ కరిగి ముద్దవుద్ది. ఇవి తెగనేదు, జారినాయి. మూడోది ఒక్కటే మిగిలి, మోయనేక తెగింది. దాని తునక ఇదిగో, ఈ ముక్కలో ఇరుక్కున్నాది. దాన్నే ఇప్పుతున్నాను."

పుష్పవల్లి కాఫీ కప్పు కింద పెట్టింది. "జారితే ఏటి మావా?"

"ఉండమ్మా. మొత్తం సూడనీ."

మోకు విప్పుతూనే కూర్మయ్య ఈ పని నేర్చాడు. అతని తండ్రి బంటింగ్ దగ్గర రబ్బరు ఎస్టేటు వదిలి, రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. ఓడలన్నీ పరాయివే అప్పట్లో. ఎక్కించేది ఈ దేశపు రబ్బరు, తగరం. లాభం ఏ దేశానికి పోయేదో మోసేవాళ్ళకు అక్కర్లేని సంగతి. కూర్మయ్యకు పదకొండేళ్ళప్పుడు దేశం సొంతంగా ఓడల కంపెనీ పెట్టుకుంది. మన జెండా కట్టిన ఓడ రేవుకు వచ్చిన నాడు తండ్రి అతన్ని గట్టు మీదికి తీసుకెళ్ళి, "ఇది మనది" అని చూపించాడు. చూపించి, చొక్కా విప్పి, చీకటి పడేదాకా అందులోంచి మూటలు మోశాడు.

ఆ తరవాత కొద్ది ఏళ్ళకే రేవులోకి సరుకు నింపిన ఇనుప పెట్టెలు, కంటెయినర్లు, దిగాయి. వందమంది వారం రోజులు మోసే సరుకును ఒక క్రేను పూటలో దించేసేది. తండ్రి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్ళీ సరిగ్గా లేవలేదు. పదహారేళ్ళ కూర్మయ్యకు బరువు మోసే పని లేదు. కాని పెట్టెలొచ్చినా, క్రేన్లొచ్చినా, ఓడను గట్టుకు కట్టడానికి మోకు కావాలి కదా అనుకున్నాడు. సామాను పడవల మీద ఒక మలాయ్ ముసలాయన మోకులు అల్లేవాడు. ఆయన నేర్పేవాడు కాదు, పొమ్మనేవాడూ కాదు. పారేసిన మోకుల ఉచ్చులు కూర్మయ్య ఇంటికి తెచ్చుకుని, ఒక్కో పురీ విప్పి, విప్పిన దారినే మళ్ళీ అల్లేవాడు. ఏడాది అలా గడిచాక ఒకనాడు ముసలాయన తన కొయ్య మేకు తీసి అతని ఒళ్ళో పడేశాడు. ఇప్పుడు చేతిలో ఉన్నది అదే.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ దేశపు కంపెనీ ఓడలకే పని చేశాడు. వాటి పేర్లు ఇంట్లో పిల్లల పేర్లలా నోటికి వచ్చేవి. పన్నెండు పదమూడేళ్ళ కిందట కంపెనీ పెట్టెల వ్యాపారం మానుకుంది. ఓడలు అమ్ముడుపోయాయి. తను అల్లిన మోకులతోనే, పాత పేరు మీద కొత్త రంగు పూసుకుని, వేరే జెండాతో ఒక ఓడ అదే రేవుకు రావడం అతను చూశాడు. గట్టు మీద నిలబడి పేరు చదవబోయి మానేశాడు. ఆ తరవాత వచ్చిన ఓడలు మేడలంత పెద్దవి, వాటి మోకులు ఫ్యాక్టరీలోనే ఉచ్చులతో సహా తయారై వస్తాయి. పెనాంగ్‌కూ సబాకూ తిరిగే పాత చిన్న ఓడలు కొన్ని కూర్మయ్యకు మిగిలాయి. రామన్ పనిచేసింది అలాంటి దాని మీదే.

మేకు ఇంకొంచెం లోపలికి దిగింది. పురి పైకి లేచింది. దాని అడుగున, మోకు నడిమధ్యలో, వెలిసిన పసుపు రంగు నూలుపోగు ఒకటి కనిపించింది.

కూర్మయ్య చెయ్యి ఆగింది.

ఆ పోగుకు పసుపు రాసేది అతని భార్య పోలమ్మ. పెళ్ళయిన నాటి నుంచి ప్రతి అల్లికలోనూ, బయటికి కనపడకుండా, జానెడు పోగు పెట్టడం అతని అలవాటు. మోకుకు దానితో బలం రాదు. సముద్రం మీదికి పోయే వస్తువు పసుపు లేకుండా పోకూడదని పోలమ్మ పట్టు, అంతే. ఆ రేవులో అలా చేసేవాడు ఇంకొకడు లేడు.

రేమండ్ గుమ్మం బయట ఫోనులో మాట్లాడుతున్నాడు. పోగు సన్నది, రెండు వేళ్ళ మధ్య ఇట్టే దాగిపోతుంది. ఆ అల్లిక ఎవరిదో రాసిన కాగితం లేదు. మోకు అమ్మినవాడి పేరు మాత్రమే ఓడ పుస్తకంలో ఉంది.

"అది ఏటి మావా, పచ్చగా?" అంది పుష్పవల్లి.

కూర్మయ్య తలెత్తి ఆమెను చూశాడు. ఏడు వారాల్లో ఆమె బుగ్గలు లోపలికి పోయాయి.

"నాదే" అన్నాడు. "ఈ అల్లిక నాను సేసిందే."

కూర్మయ్య పోగును బల్ల మీద పెట్టాడు. ఇక చేతులు ఆగలేదు. ఇరుక్కున్న తునక మోకు పురుల కిందికి ఎన్నిసార్లు దూరిందో ఒక్కో వరుసే విప్పుతూ లెక్కపెట్టాడు. తరవాత జారిపోయిన రెండు పురులూ తీసుకున్నాడు. దూర్చిన చోటల్లా పురికి మెలిక పడుతుంది, జారినా ఆ మెలిక పోదు. వాటినీ వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. మూడింటికీ ఒకటే లెక్క వచ్చింది. నాలుగు.

ఈ రకం మోకు నున్నగా ఉంటుంది, పట్టు తక్కువ. ఐదు వరుసలుండాలి. యాభై ఏళ్ళలో అతను ఐదు కంటే తక్కువ వేసింది లేదు.

అప్పుడు గుర్తొచ్చింది.

కూర్మయ్య 'ఒకటి' అనడు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'లాభం' అని, ఆ పైన 'రెండు' అనడం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముత్తాత నాటి అలవాటు. తండ్రి మూటలు అలాగే లెక్కపెట్టేవాడు. కూర్మయ్య వరుసలు అలాగే లెక్కపెడతాడు, గట్టిగా, అందరికీ వినపడేలా. రేవులో అందరికీ తెలుసు. బెంగాలీ కుర్రాళ్ళు కూడా "లాబం, లాబం" అని వెక్కిరిస్తారు.

నిరుడు ఈ ఉచ్చు అల్లిన రోజు మబ్బు పట్టింది. ఓడ బయల్దేరే వేళ. డెక్కు మీద రామన్ గొంతుకూర్చుని మోకు పట్టుకున్నాడు.

"మావా, నీ సేతికి వయసొచ్చింది గాని నోటికి రానేదు లా" అన్నాడు రామన్.

"నోరు మూసుకుని గట్టిగా పట్టు. నీ పెళ్ళాం పట్టే వంకాయ కాదిది."

కూర్మయ్య మూడు పురులూ ఎదురుగా పరిచి సర్దాడు. ఇంకా ఒక్కటీ దూర్చలేదు. రామన్ గొంతు బొంగురు చేసి, అచ్చం కూర్మయ్యలా, "లాభం" అన్నాడు. డెక్కు మీదివాళ్ళంతా నవ్వారు. కూర్మయ్యా నవ్వాడు. నవ్వుతూనే మొదటి వరుస దూర్చి, "రెండు" అన్నాడు. ఐదు అన్నప్పుడు ఆపాడు.

రేమండ్ ఫోను జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చాడు. కూర్మయ్య అతన్ని కూర్చోమనలేదు.

"రాసుకో బాబూ. నాలుగు వరుసలే ఉన్నాయి. ఐదుండాలి. అందుకే జారింది. బిగించడం వల్ల కాదు. అల్లింది నానే."

రేమండ్ కలం తీశాడు. "అంకుల్, మీదని ముందే చెప్పాలి కదా."

"సెప్పాలి. సెప్పనేదు. అదీ రాసుకో."

"మీరు సైన్ చేస్తే రేవు పాసు తీసేస్తారు. ఇంక ఏ ఓడా ఎక్కనివ్వరు. తెలుసా?"

"తియ్యాలి. లెక్క మరిసినోడికి పాసేల?"

"ఇంకో సంగతి. మీ అల్లిక మీద మీరే రిపోర్టు ఇస్తే ఓడవాళ్ళు ఒప్పుకోరు."

"నా మాట ఒద్దు. ఇప్పిన వరుస ఇప్పినట్టే ఉంచుతాను. నీ ఆఫీసులో సిన్నపిల్లని పిలిసి లెక్కెట్టమను. నాలుగే వొస్తాయి. ఐదుండాలని పుస్తకాల్లోనూ ఉంటాది, సూసుకో."

రేమండ్ ఫొటోలు తీశాడు. ప్రతి మెలిక పక్కనా చిన్న స్కేలు పెట్టి తీశాడు. అంతసేపూ కూర్మయ్య మోకు కదలకుండా పట్టుకున్నాడు.

పుష్పవల్లి లేచి బల్ల దగ్గరికి వచ్చింది. మరక ఉన్న చోటు చూసింది గాని ముట్టుకోలేదు.

"ఏడు వారాల పాటు ఆయన్నే తిట్టుకున్నాను మావా" అంది. "తొందర మనిషి, బిగించేసే ఉంటాడు, ఒళ్ళు తెలీకుండా సేసుకున్నాడనీ. పటం ముందు దీపం ఎట్టి తిట్టినాను."

కూర్మయ్య తల వంచుకున్నాడు. ఆమె గొంతులో కోపం కోసం వెతికాడు. ఉంటే బాగుండుననిపించింది.

"నువ్వు ఇది అల్లిన నాడు ఆయన అక్కడున్నాడా?"

"ఉన్నాడు. మోకు పట్టినాడు."

"ఏటన్నా అన్నాడా?"

రేమండ్ కలం పట్టుకుని చూస్తున్నాడు. కూర్మయ్య పసుపు పోగును చూశాడు. చెయ్యి తనది, లెక్క తనది. చచ్చినవాడి నోటి మాట దానికి కలపడం ఎందుకు?

"నవ్వించినాడు" అన్నాడు. "నన్నూ, అందర్నీ."

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. నిన్ను క్షమించానని అనలేదు. కూర్మయ్య అడగలేదు. ఆమె తిరిగి కుర్చీలోకి వెళ్ళి, చల్లారిన కాఫీ చేతిలోకి తీసుకుని తాగేసింది.

ఇంకా పని మిగిలి ఉంది. విప్పిన పురులు అలా వదిలేస్తే సంచిలో చిక్కుపడి మెలికలు చెరిగిపోతాయి. కూర్మయ్య రెండు పలకలు కోసి, వాటి మీద పురులను పడుకోబెట్టి, ప్రతి వరుస దగ్గరా నూలుతో కట్టాడు. తెగిన కొసలు పీచు విడిపోకుండా చుట్టుచుట్టూ దారం బిగించాడు. చుట్లు లెక్కపెడుతున్నప్పుడు పెదాలు కదిలాయి, గొంతు బయటికి రాలేదు. ఆ లెక్క ఒకటితో మొదలైంది. పసుపు పోగును చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, దొరికిన చోటే పలకకు అంటించాడు.

రేమండ్ కాగితం ముందుకు జరిపాడు. కూర్మయ్య చేతులు గుడ్డతో తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొత్తం చదివించుకున్నాడు. 'నాలుగు' అనే మాట ఉన్న చోట వేలు పెట్టి సరిచూసుకున్నాడు. సంతకం చేశాడు.

పలకలను సంచిలోకి ఇద్దరూ కలిసి దించారు. జిప్పు వేసి, సీలు వేసి, కూర్మయ్య ఒక కొస ఎత్తాడు. కారు దాకా మోశారు. వెనక సీటులో సంచి పక్కన పుష్పవల్లికి చోటు చేశాడు రేమండ్, క్లాంగ్‌లో దించుతానన్నాడు. సంచి పూర్తిగా లోపలికి వెళ్ళిందో లేదో కూర్మయ్య చేత్తో తడిమి చూసి, తలుపు మూశాడు.