ఎడమ స్తంభం మొదట్లో

మార్ల్‌బెక్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో పందొమ్మిదేళ్లుగా ఆటగాళ్ల బట్టలు ఉతికేది డోరీన్ ఫాల్షా. శనివారం ఆట ముగిశాక పద్దెనిమిది జతలు బురదగుట్టలా వచ్చి ఆమె గదిలో పడేవి. మేజోళ్లు ఉండచుట్టి విసిరేసేవాడెవడో, దులిపి బుట్టలో వేసేవాడెవడో ఆమెకు తెలుసు. ఎవరి జీతమెంతో మాత్రం తెలియదు. తనకెందుకని ఎప్పుడూ అడగలేదు.

సోమవారం బట్టలు ఆరేశాక ఫ్లాస్కు తీసుకుని మైదానంలోకి నడిచేది. రాతిగని వైపు గోల్ దగ్గర, ఎడమ స్తంభం పక్కన నిలబడి టీ తాగేది. ఆ స్తంభం మొదట్లోనే ఆమె భర్త క్లిఫ్ ఉన్నాడు.

క్లిఫ్ బస్సు నడిపేవాడు. నలభై ఏళ్లు అదే గోల్ వెనక మట్టిగట్టు మీద నిలబడి, గొంతు పోయేదాకా అరిచి ఇంటికొచ్చేవాడు. రెండు చలికాలాల కిందట పోయాడు. పోయినవాళ్ల బూడిదను మైదానంలో పెట్టించడం ఆ ఊరి క్లబ్బులో పాత ఆనవాయితీ. పచ్చిక చూసుకునే వాల్ట్ ఒక పెళ్ల కోసి పక్కన పెట్టి, మూరెడు లోతు తవ్వి, బూడిద పోసి, క్లిఫ్ టోపీకుండే ఇత్తడి బిళ్ల దాని మీద పెట్టి, పెళ్ల మళ్లీ కప్పి అరచేత్తో అదిమాడు. ఆ రోజు డోరీన్ ఏడవలేదు. ఆ తరవాత ఏడవాల్సిందేదైనా ఉంటే సోమవారం టీతో పాటే మింగేసేది.

మార్చి నెలలో ఒక మంగళవారం, క్లబ్బు అధ్యక్షుడు థ్రెల్‌ఫాల్ అందరినీ టీ గదిలోకి రమ్మని కబురు పెట్టాడు. ఆయనకు బజారులో సోఫాల దుకాణం ఉంది. ఎప్పుడొచ్చినా నవ్వుతూ వచ్చే మనిషి, ఆ రోజు కోటు కూడా విప్పకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. క్లబ్బును మూసేయమని కోర్టు చెప్పిందన్నాడు.

ఎవరికీ వెంటనే ఎక్కలేదు. ఆయన మెల్లగా మొదటినుంచి చెప్పుకొచ్చాడు. మూడేళ్ల కిందట లీగ్ పెద్దలు ఇరవై రెండు జట్ల విభాగాన్ని పదహారుకు కుదించాలని తీర్మానించారు. తీసేసే ఆరింటిలో మార్ల్‌బెక్ ఉండకూడదని ఈయన పంతం పట్టాడు. పెద్ద జీతాలు ఎరగా వేసి ఆటగాళ్లను తెచ్చాడు. రెండు వారాలకొకసారి టికెట్ల మీద ఆరువేల పౌండ్లు వస్తుంటే, జీతాలకు వారానికే తొమ్మిది వేలు పోయేవి. పైగా ప్రతివాడికీ చేతికొచ్చే జీతం ఇంత, పన్ను క్లబ్బే కడుతుంది అని మాటిచ్చాడు. జీతాలైతే ఇచ్చాడు. పన్ను మాత్రం ఒక్క నెల కూడా కట్టలేదు.

కెప్టెన్ కానర్ డఫీ చేతిలో బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది.

"పన్ను సంగతి నాకొదిలెయ్యి అన్నారు కదండీ, నా భుజం మీద చెయ్యేసి మరీ."

"అన్నాను."

"సోఫాలూ ఇలాగే అమ్ముతారా? లోపల స్పాంజి లేకుండా?"

ఒక్కరూ నవ్వలేదు. శుక్రవారం పన్నెండింటికి గేటుకు తాళం పడుతుందని, స్థలాన్ని గోదాములు కట్టేవాళ్లు కొంటారని థ్రెల్‌ఫాల్ చెప్పాడు. ఆ చివరి మాట దగ్గర డోరీన్‌కి గదిలో మాటలు వినిపించడం మానేశాయి. ఎడమ స్తంభం ఒక్కటే కళ్ల ముందు నిలబడింది. క్లిఫ్‌ని వదిలేసి గేటు ఎలా దాటడం?

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి బిస్కెట్ల డబ్బా ఒకటి, పెరట్లో మొక్కలకు వాడే చిన్న పార ఒకటి బట్టల బుట్టలో పెట్టుకుని వచ్చింది. గోల్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పెళ్ల కోసింది. మూరెడు తవ్వింది. బిళ్ల తగల్లేదు. కాస్త ఎడమకు, కాస్త కుడికి జరిగి తవ్వింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికింది. చల్లటి ఇసుక, నిన్నమొన్న పోసినంత శుభ్రమైన ఇసుక, అంతే.

వాల్ట్ తన పనిముట్ల గదిలోంచి వచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆగమ్మా డోరీన్. అక్కడ లేడు."

ఆమె తలెత్తింది. "మరెక్కడున్నాడు?"

వాల్ట్ గోల్ వెనక ప్రేక్షకుల కోసం మెట్లుమెట్లుగా కట్టిన కొత్త స్టాండ్ వైపు చూశాడు. లీగ్‌లో మిగలాలంటే కప్పు కింద అయిదు వందల సీట్లు ఉండి తీరాలన్నారట. మట్టిగట్టు తీసేసినా చోటు చాలలేదు. గోల్ స్తంభాలతో సహా మైదానాన్నే నాలుగు గజాలు ముందుకు జరిపి, వదిలిన చోట కాంక్రీటు పోశారు. అదంతా కిందటి వేసవిలో, డోరీన్ వాళ్లక్కకు తుంటి ఆపరేషన్ అయి తను ఆరు వారాలు అక్కింట్లో ఉండిపోయినప్పుడు జరిగింది. తిరిగొచ్చి స్టాండ్ చూసి, గట్టు ఉన్న చోటే కట్టారనుకుంది. క్లిఫ్ జోలికి ఎవరూ పోలేదు కదా అని వాల్ట్‌ని అడిగింది కూడా. పోలేదన్నట్టు అతను తలూపాడు.

"ముందు రోజు తీసి జాగ్రత్త చేద్దామనుకున్నా. కాంక్రీటు వాళ్లు తెల్లారకుండానే లారీ తెచ్చారు. నేనొచ్చేసరికి పోసేశారు. నీ మొహం చూసి ఎలా చెప్పను?"

"ఎనిమిది నెలల పాటు నన్ను ఉత్త స్తంభం దగ్గర నిలబెట్టావు వాల్ట్."

"నిలబెట్టాను."

"చలిలో."

వాల్ట్ తప్పించుకోవాలని చూడలేదు. స్టాండ్ దాకా నడిచి, గోడ మూల నుంచి అడుగులు కొలిచి, మూడో మెట్టు మీద బూటు మడమతో గీత పెట్టాడు. ఎనిమిది నెలలుగా అది అతనికి కంఠస్థమే.

డోరీన్ వెళ్లి ఆ మెట్టు మీద అరచెయ్యి ఆనించింది. సిమెంటు ఐసులా ఉంది. కట్టని పన్ను డబ్బు ఈ సిమెంటుగా గడ్డకట్టిందన్నమాట. చేతిలో ఉన్నది మొక్కల పార. సమయం పదకొండు దాటింది. చిన్న పారను తిరిగి బుట్టలో పెట్టి, మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పింది.

క్లబ్బు ఆస్తులు రాసుకోవడానికి కోర్టు పంపిన పెద్దమనిషి అప్పటికే ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నాడు. జలుబు చేసి ముక్కు ఎర్రబడింది. గోల్ స్తంభాలు నాలుగు, బట్టలుతికే యంత్రాలు రెండు, టీ మరిగించే పాత్ర ఒకటి అని గొణుక్కుంటూ మెట్ల దగ్గరికొచ్చి, తాళం వేళైందని మర్యాదగా చెప్పాడు.

"అన్నీ రాశారా?" అంది డోరీన్.

"రాశానమ్మా. ఈ బుట్ట మీదేనా?"

"బుట్ట నాదే. మా ఆయన్ని రాయలేదు."

ఆయన కాగితాలు పెట్టుకున్న అట్ట కిందికి దించాడు. ఆమె మొహం చూశాడు, తరవాత వెనక టోపీ చేత్తో నిలబడ్డ వాల్ట్‌ని చూశాడు. వాల్ట్ జరిగింది రెండు మాటల్లో చెప్పాడు. పెద్దమనిషి అట్ట మీది కాగితం పైనుంచి కిందికి మరోసారి చూసుకున్నాడు. ఆ కాగితంలో ఇలాంటిదానికి గడి లేదన్నాడు.

"గడి అక్కర్లేదు. కొనేవాళ్లు ఈ మెట్లు పగలగొట్టేముందు నన్ను పిలవాలని రాయండి. నేను చూస్తుండగా పగలగొట్టాలి. ఇత్తడి బిళ్ల కనబడ్డాక అక్కడ ఎవరూ యంత్రం పెట్టకూడదు. నేను చేత్తో తీసుకుంటాను."

ఆయన జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని పెన్ను మూత తీశాడు.

"ఎన్నో మెట్టమ్మా?"

"మూడోది."

రాసి, చదివి వినిపించాడు. డోరీన్ ఇంకోసారి చదవమంది.