బావ ట్రిపుల్ ఆప్షన్

హోసూరు రోడ్డు మీద మెట్రో వచ్చాక నాకు కలిగిన మొదటి లాభం ట్రాఫిక్‌లో కూర్చుని ఊరందరినీ తిట్టుకునే పని తప్పడం. రెండోది కిటికీ. ఇన్నేళ్లూ ఎలక్ట్రానిక్ సిటీ అవతలి ఆఫీసుకు క్యాబులో వెళ్తూ ముందు లారీ వెనకభాగం తప్ప నేనేమీ చూసింది లేదు. ఇప్పుడు పైనుంచి అన్నీ కనిపిస్తున్నాయి, జనం మేడల మీద ఆరేసుకున్న వడియాలతో సహా. మొన్న శనివారం పొద్దున బండి హెబ్బగోడి చేరబోతుండగా కింద ఒక కాలేజీ మైదానం కనిపించింది. హెల్మెట్లు పెట్టుకున్న పిల్లలు ఆడుతున్నారు, విజిల్ వేసుకున్న ఒకాయన గట్టున నడుస్తున్నాడు. ఒక బక్కపిల్లాడు కోలగా ఉన్న బంతి పట్టుకుని అడ్డంగా పరిగెడుతున్నాడు. ఎదురుగా ఒక దున్నపోతు లాంటివాడు వస్తున్నాడు, వాణ్ణి ఎవరూ ఆపడం లేదు. సరిగ్గా గుద్దుకోబోయే ముందు పిల్లాడు బంతిని పక్కనున్నవాడికి విసిరేసి తను నేలమీద పడ్డాడు. బండి ముందుకు వచ్చేసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కసీటు ఆవిడ ఆఫీసు కష్టాలనుకుందేమో, ఏమీ అడక్కుండా ఒక టిష్యూ ఇచ్చింది.

అది మా బావ మైదానం. బావంటే మా అక్క భర్త. చిక్కపేటలో వాళ్లది తాతల నాటి చీరల దుకాణం. అన్నదమ్ములందరూ చీరలు పరుస్తుంటే ఆయనొక్కడే విజిల్ మెడలో వేసుకుని హెబ్బగోడి కాలేజీలో పీటీ మాస్టరుగా చేరాడు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో దుకాణం పైనున్న వాళ్లింట్లోనే ఉండేదాన్ని గనక బావ పిచ్చి అంతా దగ్గరుండి చూశాను. ఆ రోజుల్లో ఆ కాలేజీ పాత విద్యార్థి ఒకాయన అమెరికన్ ఫుట్‌బాల్ సామాను ఒక మూట ఇచ్చిపోయాడు. ఊళ్లో మరికొన్ని కాలేజీల వాళ్లు అప్పటికే ఆ ఆట మొదలుపెట్టారు. వాళ్ల జట్లలో జిమ్ముల్లో పెరిగిన పిల్లలు ఉండేవారు, ఒక్కొక్కడూ బీరువా అంత. బావ పిల్లలేమో అద్దెగదుల్లో నలుగురేసి ఉండి, పొద్దున కాలేజీకీ సాయంత్రం ఫ్యాక్టరీ షిఫ్టుకీ పోయేవాళ్లు. హెల్మెట్ పెడితే తల కంటే హెల్మెట్టే బరువనిపించేది.

బంతిని దూరంగా విసిరి ఆడాలంటే, విసిరేవాడి ముందు మనవాళ్లు గోడలా నిలబడాలి. బావ దగ్గర గోడకు పనికొచ్చే ఇటుక ఒక్కటీ లేదు. అందుకని కంప్యూటర్లో పాత మ్యాచ్‌లు చూసి చూసి, అక్కడి కాలేజీల వాళ్లు ఎప్పటినుంచో ఆడుతున్న ట్రిపుల్ ఆప్షన్ అనే పద్ధతి పట్టుకొచ్చాడు. అందులో అందం ఏమిటంటే, ఎదుటి జట్టులో బలమైనవాణ్ణి ఆపరు. కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ అనే కుర్రాడు బంతి చేతిలో పెట్టుకుని వాణ్ణే చూస్తుంటాడు. వాడు బయటికి జరిగితే బంతి నేరుగా లోపలికి దూసుకుపోయేవాడి పొట్టలో పెడతాడు. వాడు లోపలికి వంగితే బంతి తనే ఉంచుకుని పక్కగా పరిగెడతాడు. ఇంకొకడు వచ్చి మీద పడబోతే, వెంట వస్తున్న మూడోవాడికి విసిరేస్తాడు. ముందుగా అనుకున్నదేదీ ఉండదు. ఎదుటివాడు ఏం చేసినా అది తప్పే అవుతుంది. ఇంత తెలివైన అన్యాయం నేను మరే ఆటలోనూ చూడలేదు.

ఈ విద్యకు మొదటి ప్రయోగశాల బావవాళ్లింటి మేడ. పాత చీరొకటి చుట్టి బంతి చేశాడు. లోపలికి దూసుకుపోయేది అక్క, పక్కన వెంట పరిగెత్తేది నేను, వదిలేయాల్సిన బలవంతురాలు బావవాళ్లమ్మ. ఆ పాత్రకు ఆవిడని ఎవరూ ఎంపిక చేయలేదు, వడియాలకు కాపలాగా కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంది. బావ చీరమూట పట్టుకుని ఆవిడ వైపు పరిగెత్తాడు. ఆవిడ కదల్లేదు. లోపలికీ వంగలేదు, బయటికీ జరగలేదు. అక్క పొట్టలో మూట పెట్టాలో తీయాలో తెలియక బావ అలాగే నిలబడ్డాడు. అక్కాబావలు చెరో కొసా పట్టుకుని లాగితే చీర విడిపోయి వడియాల మీద పడింది.

"నేను కదిలితే కదా నువ్వు ఆడేది? సుమ్నె, ఊరికే కూచున్నోళ్లని నువ్వేం చేస్తావప్పా?" అంది ఆవిడ.

ఆ పద్ధతిలోని అసలు లోపాన్ని ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే కనిపెట్టింది.

మైదానంలో ఇంకో చిక్కు వచ్చింది. మన పిల్లలకి ఒక మనిషిని వదిలేయడం చేతకాదు. పెళ్లిలో ఒక్క చుట్టాన్ని పలకరించకపోతే ఏడాదంతా మాట పడే ఇళ్లలో పెరిగినవాళ్లు. వదిలేయరా అన్నవాడికి ఎవడో ఒకడు మొహమాటంగా వెళ్లి అడ్డం పడేవాడు, దాంతో వేరేచోట గండి పడేది. గోరంట్ల నుంచి వచ్చిన ఒక్క కుర్రాడికే అది పట్టుబడింది, బావ వాణ్ణే క్వార్టర్‌బ్యాక్‌ని చేశాడు. పొట్టిగా, సన్నగా ఉండేవాడు, చూపు మాత్రం తిప్పేవాడు కాదు. "వాడు మీదికి వస్తా ఉండాడని భయపడొద్దు. వాడు మీద పడేదాకా, కడాకు చూడు. నువ్వు పడినా పర్వాలేదు, బంతి పడకూడదు," అని బావ వాడికి రోజూ చెప్పేవాడు. బంతి విసిరాక కూడా దెబ్బ తప్పదు మరి. ఈ పద్ధతిలో క్వార్టర్‌బ్యాక్ ఒళ్లు హూనమవుతుంది.

అంతలో కాలేజీ కరస్పాండెంటు మైదానాన్ని బస్సుల పార్కింగుకు కావాలన్నాడు. తుమకూరు రోడ్డులో కొత్త శాఖ పెడుతున్నాడు, అక్కడ క్రీడల బాధ్యత చూసుకోవడానికి బావని రమ్మంటున్నాడు, బావ మైదానం వదిలి రానంటున్నాడు. చివరికి, కాలేజీల పోటీ గెలిస్తే మైదానం ఉంచుతానని కరస్పాండెంటు మాట ఇచ్చాడు. ఆ మ్యాచ్‌కి అక్కా నేనూ చిత్రాన్నం డబ్బాలతో వెళ్లాం. మొదటి సగం చూసి తీరాల్సిందే. బీరువాలన్నీ గాలిని పట్టుకుని కింద పడుతున్నాయి. మనవాళ్లు కాస్తకాస్తగా జరుగుతూ బంతిని అవతలివాళ్ల చేతికే ఇవ్వలేదు. నేను గొంతు పోయేలా అరిచాను.

తర్వాత వాన పడింది. తడి బంతి మూడోవాడి చేతిలోంచి జారింది, అవతలివాళ్లు తీసుకుని పాయింట్లు చేశారు. పైగా వాళ్ల కోచ్‌కి తెలివి వచ్చి, తన మనుషుల్ని ఎటూ వంగకుండా నిలబడమన్నాడు. అక్క నా మోచెయ్యి గిల్లి, "మా అత్త మాదిరే నిలబడుకున్నారు," అంది. వెనకబడినప్పుడు ఈ పద్ధతిలో గబుక్కున అందుకునే దారి లేదు, బంతి విసరాల్సిందే. గోరంట్ల కుర్రాడు విసిరాడు. అది మనవాళ్లూ వాళ్లవాళ్లూ ఎవరూ లేనిచోట, చాయ్ బండి దగ్గర పడింది. ఓడిపోయాం.

మర్నాడు బావ ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని కరస్పాండెంటు గదికి వెళ్లాడు. లోపల జరిగింది తర్వాత ఆ కుర్రాడే మాకు చెప్పాడు. బావ బతిమాలలేదు, వాదించలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాడట. కరస్పాండెంటు మైదానం గురించి ఒక్క మాట అని, కొత్త శాఖ గురించి పది మాటలు మాట్లాడాడట. మనిషి ఎటు వంగుతున్నాడో బావకు అర్థమైంది.

"నేను తుమకూరు రోడ్డుకు పోతాను సార్. మైదానం అట్లే ఉండనీండి. ఈ అబ్బాయి చదువైనాక కోచ్‌గా వీణ్ణే పెట్టుకోండి," అన్నాడట.

కొత్త శాఖ అంటే నాలుగంతస్తుల భవనం. మైదానం లేదు. బావ రిటైరయ్యేదాకా అక్కడ క్యారమ్స్, టేబుల్ టెన్నిస్ ఆడించాడు. అక్క ఎన్నాళ్లో సాధించింది, "ఓడిపోయింది ఆ పిల్లోళ్లు, పడింది నువ్వా?" అని. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది, ఆ వెంటనే దణ్ణం పెట్టాలనిపించేది. ఇప్పటికీ అంతే. హెబ్బగోడికి మాత్రం ఆయన మళ్లీ పోలేదు, కొత్త కోచ్‌కి తన నీడ అడ్డం కాకూడదని.

మొన్న రైలు దిగగానే ఆయనకే ఫోన్ చేశాను. మైదానం అలాగే ఉందన్నాను. విజిల్ వేసుకున్నాయనకి పొట్ట వచ్చింది గానీ నడక గోరంట్ల కుర్రాడిదేనన్నాను. ఎవడో బక్కపిల్లాడు కడదాకా చూసి బంతి విసిరాడనీ, మూడోవాడు పట్టుకున్నాడనీ చెప్పాను. బావ వెంటనే అడిగాడు:

"విసిరినోడు పడినాడా?"

"పడ్డాడు బావా."

"లేచినాడా?"

"బండి వచ్చేసింది, చూడలేదు."

"లేచే ఉంటాడులే," అన్నాడు.

మన మీదికి వచ్చే కాలాన్ని అడ్డుకునే మొనగాడు ఇంతవరకూ ఏ జట్టులోనూ పుట్టలేదు. అది వచ్చి గుద్దేలోపు చేతిలోది పక్కవాడికి అందిస్తే, మనం పడ్డ చోటునుంచి ఆట ఇంకొంత దూరం పోతుంది.