బీరువా దాటిన సర్టిఫికెట్లు

పుంగనూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి, మదనపల్లె దగ్గరి ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. చేరిన రోజే మా డిగ్రీ ఒరిజినల్స్ ప్రిన్సిపాల్ గదిలోని బీరువాకు చేరిపోయేవి. అవి బయటికొచ్చేది ఏడాదికొకసారి, యూనివర్సిటీ తనిఖీ బృందం వచ్చినప్పుడే. ఆ రోజు మా ఫైళ్లు మా చేతికిచ్చి కూర్చోబెట్టి, సాయంత్రం మళ్లీ లాగేసుకునేవాళ్లు. మేమూ బుద్ధిమంతుల్లా ఇచ్చేసేవాళ్లం.

మా ఫిజిక్స్ మేడంకు కుప్పంలో ఇంకో కాలేజీలో మంచి ఉద్యోగం వచ్చింది. పది రోజుల్లో ఒరిజినల్స్ చూపించాలి. "ఏడాది మధ్యలో యాడికి పోతావమ్మా?" అంటూ ప్రిన్సిపాల్ బీరువా తాళం జేబులో వేసుకున్నాడు. ఆమె స్టాఫ్ రూముకొచ్చి ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

యూనియన్ పెడదామన్నాను.

"యూనియన్ బస్సు డ్రైవర్లకు సార్. మనం పీహెచ్‌డీలం" అన్నాడు కెమిస్ట్రీ సారు.

"డ్రైవరు లైసెన్సు డ్రైవరు జేబులోనే ఉంటాది సార్. మీ పీహెచ్‌డీ యాడుండాది?" అన్నాను. ఆయన మెత్తబడ్డాడు.

ఆదివారం చౌడేపల్లెలో మేడం వాళ్లింట్లో, ఆవుల కొట్టం పక్కన చాపలేసుకుని రహస్యంగా కలిశాం. వాళ్లమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. ఎంత రహస్యమైనా, ఇంతమంది ఒకచోట కూర్చుంటే అటెండెన్స్ తీసుకోకుండా ఉండటం మాకు చేతకాదు. కాగితం తిప్పాం. పేరు, డిపార్ట్‌మెంట్, వచ్చిన టైం రాసి మరీ సంతకాలు పెట్టారు. కెమిస్ట్రీ సారు దాన్ని భద్రంగా ల్యాబ్ రికార్డుల్లో దాచి, ఆ సంగతే మరిచిపోయి ఆ రికార్డులతో పాటే ప్రిన్సిపాల్‌కు సమర్పించుకున్నాడు!

బుధవారం మాకందరికీ పిలుపొచ్చింది. "ఏందప్పా ఇది? అందురూ ఉండారే!" అన్నాడు ప్రిన్సిపాల్ కాగితం ఊపుతూ. పేర్లన్నీ బయటపడ్డాక తప్పుకోవడానికి ఎవరికీ దారి లేకపోయింది. పైగా శుక్రవారమే తనిఖీ. అందర్నీ తీసేస్తే బృందం ముందు ఎవరిని కూర్చోబెడతాడు?

శుక్రవారం ఫైళ్లు మా చేతికొచ్చాయి. బృందం తృప్తిగా చూసి, భోంచేసి, కారెక్కింది. క్లర్కు సంచి పట్టుకుని వచ్చాడు. ఎవరం లేవలేదు. మేడం ఫైలును రెండు చేతులా పొట్టకు అదుముకుని కూర్చుంది. చివరికి ప్రిన్సిపాలే వచ్చాడు.

"లెక్చరర్లు సేసే పనేనా ఇది?"

"ఆ కాగితంలో సూసుకోండి సార్. అందురమూ లెక్చరర్లమే" అంది మేడం.

ఆ సాయంత్రం ఫైళ్లు మాతోనే ఇళ్లకొచ్చాయి. మర్నాడే ఆమె కుప్పం వెళ్లిపోయింది. ఎవరి కోసం సంఘం పెట్టామో ఆ మనిషే సంఘంలో లేకుండా పోయిందని, నిజం చెప్పాలంటే, కొంచెం ఉడుక్కున్నాను.

వారం తిరక్కుండా ఫోన్ చేసింది. "సార్, ఈడ గూడా ఒరిజినల్స్ బీరువాలో పెట్టమంటాండారు."

"ఇచ్చేసినావా అమ్మా?"

"ఇయ్యలే సార్, యాల ఇస్తాను? ఈ ఆదివారం నా రూముకు ఈడి లెక్చరర్లు పద్నాలుగు మంది వస్తాండారు. మీరొచ్చి మాట్లాడల్ల."

ఆదివారం మొదటి బస్సుకే కుప్పం బయల్దేరాను.