లకుముకిపిట్ట కోసం పాతిన గెడ

నా చిన్నప్పుడు మా చిన్న మావయ్య కెమెరా ముట్టుకోవడమంటే దేవుడి గదిలోకి చెప్పులతో వెళ్ళినంత నేరం. ఆయన పాలకొల్లు నుంచి దాన్ని మెడలో వేసుకుని దిగితే చాలు, నేను తిండి కూడా మానేసి ఆయన వెంటే తిరిగేదాన్ని.

అప్పటికి భీమవరం చుట్టుపక్కల వరిచేలన్నీ చేపల చెరువులైపోతున్నాయి. మాదీ అంతే. కొంగలు చేపపిల్లల్ని ఎత్తుకుపోకుండా నాన్న చెరువు మీద అడ్డంగా నైలాన్ దారాలు కట్టించారు. పక్క కాలువ మీది కరెంటు తీగపై ఒక లకుముకిపిట్ట రోజూ కూర్చునేది. అబ్బ, ఏం నీలం అది! తీగ మీద ఫోటో బాగోదని మావయ్య మా చెరువు గట్టున, పొద్దుటి ఎండ చక్కగా పడేచోట, ఒక వెదురు గెడ పాతారు. పిట్టకు అలవాటయ్యేదాకా నన్ను అటు పోవద్దన్నారు.

అది నిజంగానే వచ్చి వాలింది. "తిన్నగా వెళ్ళకే. దాంతో మనకి పనే లేనట్టు ఏటవాలుగా నడు," అన్నారు మావయ్య. ఎండ మా వీపున పడేలా నడిచాం. అది తలెత్తితే ఆగాం, దించితే కదిలాం. చివరికి గట్టు మీద చతికిలబడి, కెమెరా నా కంటికి ఆనించారు. "దాని కన్నొక్కటే చూడు. అది స్పష్టంగా ఉంటే చాలు." ఊపిరి బిగబట్టి నొక్కాను. నా అంత గొప్పది ఊళ్ళో లేదనుకున్నాను.

అప్పుడే పిట్ట చేప కోసం దూకింది. నీళ్ళదాకా వెళ్ళలేదు. రెక్క దారానికి చిక్కుకుని గిలగిలా కొట్టుకుంది. మావయ్య కెమెరా నాకు వదిలేసి బట్టలతోనే దిగారు. అడుగునంతా బురద, అడుగు తీస్తే అడుగు పడటం లేదు. పిట్ట కొట్టుకున్నకొద్దీ దారం ఇంకా బిగుసుకుంటోంది. గట్టు మీద ఏడవడం తప్ప నాకు చేతనైంది ఏమీ లేదు. ఆయన దారం పళ్ళతో కొరికి తెచ్చేసరికి అది అరచేతిలో ఒక్కసారి ముక్కు తెరిచి, అలాగే ఉండిపోయింది.

"కాలువ దగ్గర దాని మానాన అది ఉండేది. మనమే ఇటు పిలిచాం కదే," అన్నారు మావయ్య.

దారాలు తీసేయించండని సాయంత్రం నాన్న కాళ్ళు పట్టుకున్నాను. "తీసేస్తే మనం ఏం తినాలమ్మా?" అన్నారాయన, కోప్పడకుండానే.

తర్వాత మావయ్య ఫోటో కడిగించి తెచ్చారు. పిట్ట కన్ను తళతళా మెరుస్తోంది. దాని వెనక, మసకగా, సన్నటి గీతలా దారం.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది, నాకంటూ ఒక కెమెరా ఉంది. కొమ్మ మీద పిట్ట కనబడితే, ఎగిరితే అది ఎటు పోతుందో ముందు ఆ దారిలో దారమేదైనా ఉందేమోనని వెతుకుతాను. ఆ తర్వాతే దాని కన్ను చూస్తాను.