అత్తగారి కుడి పెదవి

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తు. పరిశోధనశాలలో అందరికీ ఆమె స్లైడ్లమ్మ. చచ్చిన చిట్టెలుక తలలోంచి తీసిన బియ్యపుగింజంత నరాల ముడిని పలచటి పొరలుగా కోసి గాజుపలకల మీద పరవడం ఆమె పని. బ్లేడు ఆడించేముందు ఆ చిన్న ప్రాణికి మనసులోనే ఒక దణ్ణం పెట్టుకునేది.

ముఖం మీద ఎక్కడ తాకినా ఆ కబురు అందుకునే కణాలు ఆ ముడిలోనే ఉంటాయి. పెదవి కబురు ఏ కణాలది, కనుబొమ్మ కబురు ఏ కణాలది అని ఆ పరిశోధన చేసే మేడమ్ పటం గీస్తున్నారు. బతికుండగా ఎలుక కింది పెదవికి రంగు ఎక్కిస్తే, అది నరం వెంబడి పాకి తన కణాలను చేరుతుంది. తర్వాత మైక్రోస్కోపులో అవి మెరుస్తాయి. పొర తిరగబడితే పటమూ తిరగబడుతుంది కాబట్టి, కోసేముందు ముడి కుడి అంచున చిన్న గాటు పెట్టాలి. ఆ పనీ స్లైడ్లమ్మదే. ఇన్నేళ్ళలో ఎన్నడూ తప్పలేదు.

ఈమధ్యే అత్తగారు వాళ్ళింటికి వచ్చారు. దవడ ఆపరేషన్ తర్వాత ఆవిడ కింది పెదవి కుడి సగం మొద్దుబారింది. మెతుకు అంటుకున్నా తెలియదు. నోటితో చెబితే చిన్నబుచ్చుకుంటారని, కోడలు ఎదురుగా కూర్చుని తన పెదవి తుడుచుకునేది. అద్దంలోలా, ఎడమవైపు. అది చూసి అత్తగారూ తుడుచుకునేవారు.

ఒకరోజు మేడమ్ దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"అమ్మా, చూడండి! పెదవి కణాలు కనుబొమ్మ చోట మెరుస్తున్నాయి. ఈ వారం స్లైడ్లన్నిట్లోనూ అంతే! ఇది ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు. రేపే మీటింగులో మన డైరెక్టరు పెద్దాయనకి చూపిస్తా."

స్లైడ్లమ్మ తన చేతివంక చూసుకుంది. వారమంతా గాటు పెట్టేటప్పుడు అది, ఇంట్లోలాగే, కుడి అనగానే ఎడమకు పోయింది. చెబితే ఉద్యోగం మాట దేవుడెరుగు, ఆ ముఖంలో వెలుగు ఆరిపోతుంది. చెప్పకపోతే రేపు నలుగురిలో నవ్వులపాలయ్యేది, రోజూ తాను తాగకముందే స్లైడ్లమ్మకు టీ పోసిచ్చే ఈ మనిషి.

"మేడమ్, అది మా అత్తగారండీ."

"ఏది?"

"ఆ కణాలు."

మెతుకు దగ్గర మొదలుపెట్టి గాటు దాకా అంతా చెప్పింది. మేడమ్ పటాన్ని వెనక్కి తిప్పి కిటికీ అద్దానికి ఆనించారు. కణాలన్నీ బుద్ధిగా పెదవి చోటికి వచ్చి కూర్చున్నాయి.

"మీ అత్తగారు మూతి తుడుచుకుంటే నా కీర్తంతా కొట్టుకుపోయిందన్నమాట."

"తప్పయిపోయిందండీ."

"రేపు పెద్దాయన ముందు నా మూతికీ అంటుకునేది. మీరు ముందే తుడిచారు. మళ్ళీ కోద్దాం. ఈసారి 'కుడి' అని పైకి అనుకుంటూ గాటు పెట్టండి." టీ పోశారు. ముందు స్లైడ్లమ్మకే.

ఆ సాయంత్రం కోడలు ఎదురుగా కాక అత్తగారి పక్కన కూర్చుంది. కాస్త తటపటాయించి, "అత్తయ్యా, కుడివైపు మెతుకుంది" అంది.

ఆవిడ తుడుచుకున్నారు.

"ఇలా నోటితో చెప్పొచ్చుగా అమ్మాయ్! ఇన్నాళ్ళూ నీకే ఏదో అంటుకుంటోందనుకున్నా. నువ్వొక్కదానివే తుడుచుకుంటే నామోషీ పడతావని నేనూ తుడుచుకునేదాన్ని."